ఇల్లు వచ్చింది, కానీ ఔటర్ రింగ్ రోడ్డు అవతల: వెళ్లాలా, ఉన్నచోటే ఉండాలా?

పద్మారావునగర్ అమ్మాయి
సోమవారం, ఉదయం 7.40

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా అమ్మ పేరు మీద హైదరాబాద్ శివార్లలో, ప్రభుత్వం పేదలకు కట్టి ఇచ్చే డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు వచ్చింది. లాటరీలో పేరు వచ్చిన రోజు అమ్మ నమ్మలేదు. పక్కింటి అబ్బాయితో ఆ జాబితా మూడుసార్లు చదివించుకుంది. తాళాలు ఇచ్చాక అందరం వెళ్లి చూశాం. రెండు పడకగదులు, హాలు, వంటగది, రెండు మరుగుదొడ్లు, మొత్తం 560 చదరపు అడుగులు. ఇప్పుడు మేముండేది రెండు చిన్న గదుల్లో. నాలుగు కుటుంబాలకు ఒకటే స్నానాలగది. ఇంటర్ చదివే రోజుల్లో నేను కాలేజీకి ఆలస్యంగా వెళ్లానంటే ఆ గది ముందు వరుసే కారణం. కొత్త ఇంట్లో అమ్మ వంటగది కుళాయి తిప్పి, నీళ్లు వచ్చేదాకా దాని ముందే నిలబడిపోయింది.

చిక్కల్లా దూరమే. అమ్మ ఐదు ఇళ్లలో పని చేస్తుంది. మొదటి ఇంటికి ఆరు గంటలకల్లా చేరాలి. కొత్త ఇంటి నుంచి రెండు బస్సులు మారాలి, మేము వెళ్లిన రోజు రెండు గంటలు పట్టింది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సుల్లో టికెట్టు లేదు కాబట్టి అమ్మకు డబ్బు ఖర్చు ఉండదు. కానీ అంత పొద్దున్నే అక్కడి నుంచి బస్సే లేదు. నాన్న ఇళ్లకు రంగులు వేస్తారు, అడ్డా మీద నిలబడితేనే ఆ రోజు పని. తమ్ముడు తొమ్మిదో తరగతి. నేను ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. ఇక్కడ అద్దె 6,500.

అమ్మ వెళ్దామంటుంది, నాన్న వద్దంటారు. ఇంట్లో వారం నుంచి ఇదే మాట. తాళం వేసి ఉంచి ఏడాది తర్వాత వెళ్లవచ్చా? అద్దెకు ఇస్తే తప్పా? ఇలా వెళ్లినవాళ్లు ఉంటే మీ అనుభవం చెప్పండి.


పాత ఇంజినీరు
సోమవారం, ఉదయం 9.05

ముందుగా మీ అమ్మగారికి అభినందనలు తెలియజేయమ్మా. నేను పురపాలక శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను.

తాళం వేసి ఉంచవద్దు. ఈ ఇళ్లు ఇంటి ఇల్లాలి పేరు మీద ఇస్తారు. పిల్లలకు వారసత్వంగా వస్తాయి, అమ్మే హక్కు మాత్రం ఉండదు. అద్దెకు ఇవ్వడం కూడా నిబంధనలకు విరుద్ధం. ఎవరు ఉంటున్నారో చూడటానికి ఇంటింటికీ వస్తారు. తాళం కనబడితే నోటీసు, ఆ తర్వాత రద్దు దాకా వెళ్లే ప్రమాదం ఉంది. ఒక్కరైనా అక్కడ కాపురం ఉండాలి. కరెంటు బిల్లు, ఆధార్ చిరునామా అక్కడికి మారాలి.

వెళ్లడం మంచిదా కాదా అన్నది నేను చెప్పలేను. ఒకటి మాత్రం అడుగుతాను. ఇప్పుడు ఉన్న బస్తీలో మీ గదులు ఎవరివి? పట్టా ఉన్న స్థలమా, నాలా పక్కనా? దాన్నిబట్టి సలహా మారుతుంది.


ఇటుకా సున్నం
సోమవారం, ఉదయం 11.30

మీరు పద్మారావునగర్ అంటున్నారు కాబట్టి చెబుతున్నాను. మీకు కూతవేటు దూరంలో ఐడీహెచ్ కాలనీ ఉంది. 2015 నవంబరులో డబుల్ బెడ్‌రూమ్ పథకం అక్కడే మొదలైంది. శిథిలమైన పాత ఇళ్లు తీసేసి, అక్కడివాళ్లకే అక్కడే 396 ఇళ్లు కట్టారు. గ్రౌండ్ ఫ్లోరు, దానిపైన రెండే అంతస్తులు, లిఫ్టు అవసరం లేదు. పనికి వెళ్లేవాళ్లు పాత దారిలోనే పనికి వెళ్లారు, పిల్లలు పాత బడికే వెళ్లారు. నేను వాస్తుశిల్పిని. నా దృష్టిలో ఆ పథకం మొత్తానికీ అదే మంచి నమూనా.

అది పెరగకపోవడానికి కారణం భూమి. లక్ష ఇళ్లు కడతామన్న నగరానికి లోపల ఖాళీ స్థలం లేదు. ఉన్న బస్తీలను ఖాళీ చేయించి కట్టాలంటే రెండేళ్లు ఆ కుటుంబాలు ఎక్కడుండాలన్న ప్రశ్న. సులువైన దారి, నగరం అంచున ప్రభుత్వ భూమి చూసుకుని ఎత్తుగా కట్టడం. 2023 జూన్‌లో ప్రారంభమైన కొల్లూరు రెండో దశ లెక్క చూడండి: 145 ఎకరాలు, 117 బ్లాకులు, 15,660 ఇళ్లు. ఇంటికి నలుగురు అనుకున్నా అరవై వేల మంది. ఇది కాలనీ కాదు, ఒక పట్టణం. అంత జనాభా ఉన్న పట్టణంలో డిగ్రీ కాలేజీ, ఆసుపత్రి, సంత, బస్టాండు, వీటన్నిటికంటే ముందు చేసుకోవడానికి పని ఉంటాయి. అవన్నీ సమకూరడానికి ఆ పట్టణానికి వందేళ్లు పట్టి ఉంటుంది. ఇక్కడ గోడలు మూడు నాలుగేళ్లలో లేచాయి. మిగతావి వెంట రావాలి, వస్తున్నాయా అన్నదే నా ఆవేదన.


మియాపూర్ నివాసి
సోమవారం, మధ్యాహ్నం 1.15

ఎవరినీ నొప్పించాలని కాదు, మనసులో ఉన్నది చెబుతున్నాను. నేను 48 లక్షల అప్పు చేసి ఫ్లాటు కొన్నాను. ఇరవై ఏళ్ల కిస్తీ. నెల జీతంలో సగం దానికే పోతుంది. ఎనిమిదిన్నర లక్షలు పెట్టి కట్టిన ఇల్లు ఒకరికి పూర్తిగా ఉచితంగా ఇచ్చి, అది దూరమని వాళ్లు వద్దనుకుంటే, పన్ను కట్టేవాడిగా నాకు బాధ కలగడం సహజం కాదా? అదే లాటరీలో పేరు రానివాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్ల సంగతేమిటి?


బడిపంతులు
సోమవారం, సాయంత్రం 6.20

మియాపూర్ నివాసి గారూ, మీ బాధలో నిజం ఉంది. కానీ ఉచితం అన్న మాట ఒక్క పేదవాళ్లకే అంటగట్టకండి. పాత పద్ధతిలో పన్ను కట్టేవారికి గృహరుణం వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన మొదటి దశలో మధ్యతరగతివారికి కూడా వడ్డీ రాయితీ కింద 2.35 లక్షల దాకా వచ్చింది. మా తోటి ఉపాధ్యాయులే ఇద్దరు తీసుకున్నారు, నేను సంతోషించాను. అది బ్యాంకు ఖాతాలో కలిసిపోతుంది కాబట్టి ఎవరికీ కనిపించదు. ఇల్లు కనిపిస్తుంది.

అమ్మాయీ, మీ తమ్ముడి విషయం. వచ్చే ఏడాది పదో తరగతి. ఏడాది మధ్యలో బడి మార్చవద్దు. నేను పనిచేసిన బడికి నగరం లోపలి నుంచి తరలివచ్చిన పిల్లలు చాలామంది వచ్చారు. తొమ్మిది, పది తరగతుల పిల్లలే ఎక్కువగా మానేశారు. చదువు రాక కాదు. పాత బడికి పోవడానికి రెండు గంటలు, కొత్త బడిలో స్నేహితులు లేరు, ఇంట్లో పెద్దవాళ్లు చీకటితో వెళ్లి చీకటిపడ్డాక వస్తారు. బడికి వెళ్లావా అని అడిగేవాళ్లు లేరు. ఒక పిల్లవాడు మూడు నెలలు ఇంట్లోనే కూర్చున్నాడని తల్లికి తెలియనే తెలియదు. ఆమె నా ముందు కూర్చుని ఏడ్చిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.


బందరు కాలువ
సోమవారం, రాత్రి 9.50

మాది విజయవాడ. దూరం గురించి మాట్లాడుతున్నారు, నేను ఎత్తు గురించి మాట్లాడతాను. ఎన్నో అంతస్తు అని కాదు, నేల ఎత్తు.

మా అక్క కుటుంబం సింగ్‌నగర్ దాటాక ఉన్న వాంబే కాలనీలో ఉంటుంది. వాంబే అంటే 2001లో మొదలైన వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన. పథకం పోయింది, ఊరికి ఆ పేరు మిగిలింది. కృష్ణ ఒడ్డున, కాలువ గట్ల మీద గుడిసెల్లో ఉన్న ఎందరికో ఈ కాలనీలో పక్కా ఇళ్లు వచ్చాయి. మా అక్క ఆ ఇంట్లోనే ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేసింది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరుకు గండ్లు పడి నీళ్లు కాలనీలోకి వచ్చాయి. పొద్దున వాకిట్లో ఉన్న నీళ్లు చూస్తుండగానే కిటికీల దాకా లేచాయి. అక్కావాళ్లు పక్క భవనం పైకి ఎక్కారు. మూడు రోజులు అక్కడే. ఫోను చార్జింగు అయిపోయింది, మాకు కబురు లేదు. డ్రోన్లతో ఆహారం వేశారని టీవీలో చూస్తున్నాం, మా అక్కకు అందిందో లేదో తెలియదు. నీళ్లు తీశాక వెళితే ఇంట్లో ఏదీ మిగలలేదు. ఫ్రిజ్ బోర్లా పడి ఉంది. బీరువాలో పెళ్లి ఫొటోలు బురద ముద్ద.

బుడమేరును బెజవాడ దుఃఖదాయని అని మా తాతల కాలం నుంచి అంటున్నారు. దాని నీళ్లు ఎటు పారతాయో ఊళ్లో ప్రతి రిక్షా కార్మికుడికీ తెలుసు. చౌకగా దొరికే భూమి ఎందుకు చౌకగా ఉందో ఇళ్లు కట్టేముందు అడగాలి. పేదవాళ్ల ఇళ్లకు స్థలం చూసేటప్పుడు ధర ఒక్కటే చూస్తే నది వచ్చి మిగతా లెక్క అడుగుతుంది. అమ్మాయీ, మీ కాలనీకి వానాకాలంలో ఒకసారి వెళ్లి చూడు. చుట్టుపక్కల పాత ఊరివాళ్లను అడుగు, ఇక్కడ చెరువు ఉండేదా అని.


సింహపురి
మంగళవారం, ఉదయం 6.55

ఉచితం గురించి మాట వచ్చింది కాబట్టి నా సంగతి. మాకు వచ్చింది టిడ్కో ఇల్లు, అంటే ఆ పేరున్న ప్రభుత్వ సంస్థ పట్టణ పేదలకు కట్టే ఇల్లు. ఆంధ్రప్రదేశ్‌లో 300, 365, 430 చదరపు అడుగుల లెక్కన మూడు రకాలు కట్టారు. మాది 430. మా వాటా డబ్బు కట్టాం, మిగతాది మా పేరున బ్యాంకు రుణం. పద్ధతి మంచిదే. కట్టుకున్నామన్న గౌరవం ఉంటుంది.

కానీ ప్రభుత్వం మారింది, పనులు ఆగాయి. గోడలు లేచాయి, రోడ్డు లేదు, మురుగునీటి శుద్ధి కేంద్రం లేదు, తాళాలు లేవు. ఇంతలో బ్యాంకు నుంచి కిస్తీ కట్టమని నోటీసు. ఒక చేత్తో అద్దె, ఇంకో చేత్తో మేము కాలు పెట్టని ఇంటికి కిస్తీ. నా భర్త ఆటో నడుపుతారు. ఆ రెండేళ్లు మేము ఎలా గడిపామో మాకే తెలుసు. పిల్లవాడి ఫీజుకు నా చెవి కమ్మలు పెట్టాం.

మియాపూర్ నివాసి గారూ, మీరు కిస్తీ కట్టే ఇంట్లో మీరు నిద్రపోతున్నారు. అదే తేడా.

ఒక్క మాట అందరికీ చెప్పాలి. పాత ప్రభుత్వం మొదలుపెట్టిందని కొత్త ప్రభుత్వం ఆపకూడదు. ఇల్లు పార్టీది కాదు, అందులో ఉండబోయే ఆడదానిది.


పద్మారావునగర్ అమ్మాయి
మంగళవారం, ఉదయం 8.10

ఇంతమంది రాస్తారని అనుకోలేదు. సింహపురి అక్కా, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంజినీరు గారూ, మేముండే గదులు ఇంకొకరివి, మేము అద్దెకున్నాం. బస్తీలో స్థలం ఉన్నవాళ్లలో చాలామందికి పట్టా ఉంది. మాకు లేదు. అమ్మ ఇరవై రెండేళ్లుగా ఇదే గల్లీలో ఉంది, మూడు ఇళ్లు మారింది. ఇంటి యజమానికి అవసరమైతే నెలలో ఖాళీ చేయాలి. అందుకే అమ్మకు వెళ్లాలని ఉంది. ఆమె నిన్న రాత్రి అన్న మాట: "ఎక్కడైతేనేం, ఖాళీ చేయమని ఎవరూ అనరు కదా."

మియాపూర్ నివాసి గారూ, వద్దనుకోవడం లేదు. భయపడుతున్నాం.


అహ్మదాబాద్ తెలుగు
మంగళవారం, ఉదయం 10.45

మా నాన్నగారు బట్టల మిల్లులో పనికి వచ్చినప్పటి నుంచి మాది ఈ ఊరే. ఇక్కడ 1995లో పరివర్తన్ అని ఒక పని మొదలైంది. సంజయ్‌నగర్ అనే 181 కుటుంబాల వాడలో తొలి ప్రయత్నం. నగరపాలక సంస్థ, ఒక బట్టల మిల్లు, స్త్రీల సంఘాలు, వాడలోని కుటుంబాలు, అందరూ తలా కొంత వేసుకున్నారు. కుటుంబం వాటా 2,000 రూపాయలు, నిర్వహణ నిధికి ఇంకో 100. ఇంటింటికీ మరుగుదొడ్డి, ఇంటింటికీ కుళాయి, భూగర్భ మురుగు కాలువ, గల్లీల్లో రాళ్లు పరచడం, దీపాలు, చెట్లు. ఇళ్లను ఎవరూ కట్టివ్వలేదు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఒక కాగితం. పదేళ్లపాటు ఇక్కడి నుంచి ఖాళీ చేయించబోమని నగరపాలక సంస్థ ఇచ్చిన హామీ. పట్టా కాదు, హామీ మాత్రమే. ఆ హామీ వచ్చాక జనం తమ డబ్బుతో గోడలు కట్టుకున్నారు, రేకులు తీసి స్లాబు వేసుకున్నారు. అంతకుముందు డబ్బు లేక కాదు, రేపు కూలగొడతారేమోనన్న భయంతో పెట్టలేదు. మీ అమ్మగారు అన్న మాట చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.


ఇటుకా సున్నం
మంగళవారం, మధ్యాహ్నం 12.30

అహ్మదాబాద్ మిత్రులు చెప్పినదే నేను పదేళ్లుగా మొత్తుకుంటున్నది. ఒడిశా 2017లో మురికివాడల వాసులకు భూమి హక్కు ఇచ్చే చట్టం చేసింది. డ్రోన్లతో వాడలను కొలిచి, ఎవరి జాగా ఎంతో తేల్చి, చిన్న పట్టణాల్లో ఉన్నచోటే హక్కుపత్రాలు ఇచ్చారు. 2019లో దానికి వరల్డ్ హాబిటాట్ బహుమతి వచ్చింది. తెలంగాణలో 2014 డిసెంబరులో వచ్చిన 58వ నంబరు ఉత్తర్వు కూడా ఆ కోవలోదే: ప్రభుత్వ స్థలంలో 125 గజాల లోపు ఇల్లు కట్టుకుని ఉంటున్న పేదలకు ఉచిత క్రమబద్ధీకరణ. ఒక కుటుంబాన్ని దూరం పంపి కట్టే డబ్బుతో, ఉన్నచోట ఎన్ని గల్లీలు బాగుపడతాయో లెక్క వేయండి. తరలింపు పూర్తిగా ఆపాలి.


పాత ఇంజినీరు
మంగళవారం, మధ్యాహ్నం 3.40

ఆపాలి అన్నంత సులువు కాదు. నాలా మీద స్తంభాలు వేసి గది కట్టుకున్నవాళ్లను అక్కడే ఉంచి ఏమి బాగుచేస్తాం? వాన రాత్రి వాళ్ల ఇంటి కింద నీళ్లు పారుతుంటాయి. హైటెన్షన్ తీగల కిందా అంతే. అలాంటివాళ్లు కదలక తప్పదు. బందరు కాలువ గారి అక్కలాంటివారిని మళ్లీ పల్లంలో పెట్టకుండా ఎక్కడికి పంపాలన్నది అప్పుడు ప్రశ్న. మిగతా బస్తీల విషయంలో మీతో ఏకీభవిస్తాను.

ఇది మనకు కొత్త కూడా కాదు. హైదరాబాద్ నగరపాలక సంస్థలో పట్టణ సామాజికాభివృద్ధి విభాగం 1967లోనే పెట్టారు. బస్తీలోకి ముందు ఇంజినీరు కాదు, సామాజిక కార్యకర్త వెళ్లేవారు. మహిళామండలి ఏర్పడేది, బాల్వాడీ తెరిచేవారు, ఆ తర్వాతే పట్టాలు, చిన్న రుణాలతో ఇళ్లు. 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో ఆ పని పెద్దదైంది, 1988లో విశాఖపట్నానికి, 1990లో విజయవాడకు వెళ్లింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ కార్యకర్తల వెంట బస్తీల్లో తిరిగాను. నా చదువులో నేర్పనిది వాళ్ల దగ్గర నేర్చుకున్నాను.

ఉన్నచోట బాగుచేసే పని ఎలా దారి తప్పుతుందో ఒక ఉదాహరణ చెబుతాను, దీన్ని ఎవరూ పట్టించుకోరు కాబట్టి కొంచెం వివరంగా. బస్తీలో సిమెంటు రోడ్డు వేస్తారు. నాలుగేళ్లకు పగుళ్లు వస్తాయి. పాతది తవ్వకుండా దాని మీదే ఇంకో అరడుగు వేస్తారు, ఎందుకంటే తవ్వడానికి టెండర్‌లో డబ్బు ఉండదు. ఇంకో అయిదేళ్లకు మళ్లీ. మూడోసారి వేసేసరికి రోడ్డు గడపకంటే పైకి వస్తుంది. వానపడితే నీళ్లన్నీ ఇళ్లలోకి. ఇంటివాళ్లు గడపకు అడ్డంగా రెండు ఇటుకలు పెడతారు, ఆ తర్వాత గది నేల ఎత్తు పెంచుతారు, పైకప్పు నెత్తికి తగులుతుంది. అభివృద్ధి పేరుతో చేసిన పనే ఇంటిని గొయ్యి చేసింది. నిజానికి బస్తీలో రోడ్డు అన్నది ఇంటి నేలకంటే కిందుండాలి, జోరువానలో అదే కాలువలా పనిచేసి నీళ్లను నాలాలోకి దింపాలి. ముందు మురుగు పైపు, తర్వాత నీటి పైపు, అన్నిటికంటే చివర రోడ్డు. మనం తలకిందులుగా చేస్తాం. రోడ్డు కనిపిస్తుంది, పైపు కనిపించదు.

ఉమ్మడి రాష్ట్రంలో పురపాలక సంఘాల నికర నిధుల్లో 40 శాతం పేదల వాడలకు ఖర్చుపెట్టాలని ఉత్తర్వు ఉండేది. చాలామంది వార్డు సభ్యులకు ఆ సంగతి తెలియదు. తెలిసినవారు అడిగితే ఆ డబ్బు కదిలేది, నేను చూశాను.


మియాపూర్ నివాసి
మంగళవారం, రాత్రి 8.25

నిన్న రాసినది వెనక్కి తీసుకోను, కానీ సింహపురి గారు చెప్పింది చదివాక అదే స్వరంతో రాయలేను. అమ్మా, మీ విషయంలో జరిగింది అన్యాయం.

నేను మా అపార్టుమెంటు సంఘం కోశాధికారిని. ఉపయోగపడే మాట ఒకటి చెబుతాను. ఇల్లు ఉచితంగా వచ్చినా లిఫ్టు ఉచితంగా నడవదు. నీటి మోటారు, లిఫ్టు మరమ్మతు ఒప్పందం, మెట్ల దీపాల కరెంటు, చెత్త, కాపలా, అన్నిటికీ మేము చదరపు అడుగుకు 2 రూపాయల 50 పైసలు వసూలు చేస్తాం. ఆ లెక్కన 560 అడుగులకు 1,400 అవుతుంది. మీ దగ్గర అంత అక్కరలేదు, జనరేటరు, క్లబ్బు ఉండవు. అయినా తొమ్మిది అంతస్తుల భవనం నెలకు ఇంటికి మూడు నాలుగు వందలు లేకుండా నిలబడదు. మొదటి నెల నుంచే వసూలు మొదలుకావాలి. లిఫ్టు పాడయ్యాక మొదలుపెడితే పైవాళ్లు ఇస్తామంటారు, కిందివాళ్లు మాకెందుకంటారు, అక్కడితో ఆగిపోతుంది.


నాలుగో బ్లాకు
మంగళవారం, రాత్రి 11.05

నేను వెళ్లినవాణ్ని. ఏ కాలనీ అన్నది చెప్పను, మీదానిలాంటిదే. రెండేళ్లయింది. మాది ఏడో అంతస్తు.

మొదటి ఆరు నెలలు నరకం. నా భార్యకు నగరంలో మూడు ఇళ్ల పని పోయింది. నేను వెల్డింగు చేస్తాను, షాపుకు వెళ్లిరావడానికి పెట్రోలుకే నెలకు నాలుగు వేలు. సరుకుల దుకాణం లేదు, ఉల్లిపాయలకు రెండు కిలోమీటర్లు. బ్లాకులో సగం ఇళ్లకు తాళాలు. రాత్రి వరండాలో నడిస్తే మన చెప్పుల చప్పుడే మనకు భయం. లిఫ్టు నెలన్నర ఆగింది. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆ నెలన్నర ఆమె కిందికి దిగనే లేదు.

మార్పు ఎలా వచ్చిందంటే, రెండో అంతస్తులో ఒక పెద్దావిడ ఉన్నారు, అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానేశారు. ఆమె తలుపు తలుపుకీ వెళ్లి ఇంటికి 300 చొప్పున అడిగారు. మొదటి నెల పదకొండు ఇళ్లే ఇచ్చాయి. ఇచ్చినవాళ్ల పేర్లు, ఖర్చు లెక్క కింద గోడ మీద అంటించారు. మూడో నెలకు నలభై ఇళ్లు. ఆ కాగితం గోడ మీద లేకపోతే ఎవరూ ఇచ్చేవారు కాదు. ఇప్పుడు లిఫ్టు నడుస్తుంది, ఆగితే రెండు రోజుల్లో మనిషి వస్తాడు. కింద కట్టిన దుకాణాల అద్దె కాలనీ నిర్వహణకు రావాలని అడుగుతున్నాం, ఇంకా తేలలేదు.

పని సంగతి. దగ్గరలో కొత్త విల్లాలు, అపార్టుమెంట్లు లేస్తున్నాయి. నా భార్యకు ఇప్పుడు అక్కడ రెండు ఇళ్లు దొరికాయి, జీతం పాతదానికంటే కొంచెం ఎక్కువే. రంగుల పనికి అయితే కొరత లేదు. మీ నాన్నగారి భయం నాకు అర్థమవుతుంది, కానీ అడ్డా మనుషులు ఇప్పుడు మా కాలనీ గేటు దగ్గరే నిలబడుతున్నారు. మేస్త్రీలు వచ్చి తీసుకెళ్తారు.

పిల్లలది మాత్రం బడిపంతులు గారు చెప్పినట్టే. మా పెద్దవాణ్ని మా బావమరిది ఇంట్లో ఉంచి పది పూర్తిచేయించాం. ఆ ఏడాది వాడు ఇంట్లో లేని లోటు ఎంతో చెప్పలేను.

మళ్లీ అడిగితే వెళ్తావా అంటే వెళ్తాను. మా అమ్మాయికి ఒక గది ఉంది, తలుపు వేసుకుని చదువుకుంటుంది. దానికోసం వెళ్తాను.


మినియాపోలిస్ నుంచి
బుధవారం, ఉదయం 5.30

ఇక్కడ అమెరికాలో ఇల్లు సొంతానికి ఇచ్చే పద్ధతి తక్కువ, అద్దెలో సహాయం చేస్తారు. కుటుంబం తన ఆదాయంలో దాదాపు 30 శాతం కడుతుంది, మిగతాది ప్రభుత్వం యజమానికి ఇస్తుంది. ఎక్కడ పని ఉంటే అక్కడ ఇల్లు వెతుక్కోవచ్చు. లోపం ఏమిటంటే అర్హుల్లో నలుగురిలో ఒకరికే అందుతుంది, ఏళ్ల తరబడి వరుసలో ఉండాలి. మన దగ్గర ఇన్నేళ్లూ అద్దె ఇళ్లవైపు ఎవరూ చూడలేదు. 2020లో వలస కార్మికులు నడిచి వెళ్లాక అద్దె గృహసముదాయాల పథకం వచ్చింది, 2024లో మొదలైన ఆవాస్ యోజన రెండో దశలోనూ అద్దె ఇళ్లు ఒక భాగం. ఈ అమ్మాయి కుటుంబానికి పని దగ్గర సరసమైన అద్దె ఇల్లు ఒకటి దొరికి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు.


సింహపురి
బుధవారం, ఉదయం 7.15

అద్దె ఇల్లు ఎంత చౌకైనా అద్దె ఇల్లే అన్నా. గోడకు మేకు కొట్టాలంటే అడగాలి. సొంతం అన్న మాట విలువ ఇరవై ఏళ్లు అద్దెకు ఉన్నవాళ్లకు తెలుస్తుంది.


పద్మారావునగర్ అమ్మాయి
ఆదివారం, రాత్రి 9.40

నాలుగు రోజులు రాయలేకపోయాను. అందరివీ చదివాను, నాలుగో బ్లాకు అన్న రాసింది నాన్నకు రెండుసార్లు చదివి వినిపించాను.

శుక్రవారం వాన పడుతుండగా నాన్నా నేనూ వెళ్లాం. బందరు కాలువ గారూ, మీరు చెప్పినట్టే పక్క ఊరిలో టీ కొట్టు దగ్గర పెద్దాయనను అడిగాం. చెరువు అటువైపు ఉందట, మా బ్లాకుల వైపు జొన్నలు వేసేవారట. వెనక మూడు బ్లాకుల దగ్గర నీళ్లు నిలిచాయి, మా బ్లాకు దగ్గర లేవు. గేటు దగ్గర నాన్నకు పాత అడ్డా మనిషి ఒకరు కనిపించారు. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాన్నే అన్నారు, ముందు నేనూ మీ నానమ్మా అక్కడికి వెళ్తాం అని.

కాబట్టి వచ్చే నెల నాన్న, నానమ్మ వెళ్తారు. తమ్ముడి పదో తరగతి అయ్యేదాకా అమ్మ, నేను, తమ్ముడు ఇక్కడే. ఒక గది ఖాళీ చేస్తే అద్దె తగ్గుతుంది, యజమాని ఒప్పుకున్నారు. శనివారం రాత్రి అమ్మ అక్కడికి వెళ్లి సోమవారం మొదటి బస్సుకు వస్తుంది, సోమవారాలు మొదటి ఇంటివాళ్లు ఎనిమిదింటికి రమ్మన్నారు. కుటుంబం రెండుగా ఉండటం అమ్మకు ఇష్టం లేదు. కానీ తాళం పడకూడదు.

మా బ్లాకులో ఇప్పటికి ఇరవై రెండు కుటుంబాలు చేరాయి. సంఘం లేదు. వచ్చే ఆదివారం అందరినీ కింద కూర్చోబెడదామని నాన్న కొందరితో మాట్లాడి వచ్చారు. సంఘం నమోదు ఎలా? ఎంతమంది కావాలి? ఇంజినీరు గారు, మియాపూర్ నివాసి గారు చెప్పగలరా?


పాత ఇంజినీరు
ఆదివారం, రాత్రి 10.20

2001 నాటి సొసైటీల నమోదు చట్టం కింద చేయించుకోవచ్చు, కనీసం ఏడుగురు సభ్యులు చాలు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కూడా ఉంది, కానీ లిఫ్టు, నీళ్ల వంటి పనులకు మొదటిదే తేలిక. నమోదు కోసం ఆగకండి. ఆదివారం ఒక పెద్ద పుస్తకం కొని, వచ్చినవారి పేర్లు, ఇంటి నంబర్లు, సంతకాలు మొదటి పేజీలో రాయించండి. రెండో పేజీలో పెండింగు పనులు: లిఫ్టు, ట్యాంకు శుభ్రం చేసిన తేదీ, వెనక బ్లాకుల దగ్గర నిలిచే నీళ్లు, పొద్దున అయిదింటికి బస్సు. బస్సు కోసం అర్జీ ఆడవాళ్ల సంతకాలతో డిపో మేనేజరుకు ఇవ్వండి, ఎన్ని గంటలకు ఎంతమంది ఏ వైపు వెళ్తారో పట్టిక జతచేయండి.


మియాపూర్ నివాసి
ఆదివారం, రాత్రి 10.45

మా సంఘం నియమావళి, నెలవారీ లెక్కల పట్టిక తెలుగులో ఉన్నాయి. మీకు పంపుతాను. మీకు ఇబ్బంది లేకపోతే ఆదివారం నేనూ వస్తాను. మా ఇంటి నుంచి నలభై నిమిషాలే.


పద్మారావునగర్ అమ్మాయి
ఆదివారం, రాత్రి 10.52

తప్పకుండా రండి సార్. మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం, అమ్మ చెప్పమంది.